సీఈసీ, హెచ్ఈసీ చదివినవాళ్లు డీప్ లెర్నింగ్ నేర్చుకోవడం ఎలా: బియ్యం లెక్క నుంచి తెలుగు అక్షరాల దాకా

బీకామో బీఏనో చదివి, కోడింగ్ ముఖం ఎరగనివాళ్లు డీప్ లెర్నింగ్ (ఉదాహరణలు చూపించి కంప్యూటర్‌కు పని నేర్పే ఒక పద్ధతి) నేర్చుకుంటామంటే సాధారణంగా దొరికే సలహా ఒకటే. ముందు లీనియర్ ఆల్జీబ్రా, తర్వాత కాలిక్యులస్, ఆ తర్వాత ప్రాబబిలిటీ, ఇవన్నీ అయ్యాక అసలు విషయం. ఆ వరసలో బయల్దేరినవాళ్లు చాలామంది రెండో మెట్టు మీదే కూర్చుండిపోతారు. దేనికోసం చేస్తున్నామో తెలియని లెక్క ఎవరికీ బుర్రకెక్కదు. మీరు వరస తిరగేయండి. ఒక చిన్న లెక్కను మొదటినుంచి చివరిదాకా మీ చేత్తో చేయండి. తప్పు ఎలా తగ్గుతుందో కళ్లారా చూడండి. ఆ తర్వాత అవసరమైన గణితం అవసరమైన చోట నేర్చుకుంటారు.

ఏం కావాలి? 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్, ఒక తెల్ల కాగితాల నోట్‌బుక్, రోజుకో గంట. ఇలా ఐదారు నెలలు పడుతుంది. జీపీయూ కార్డు (ఒకేసారి వేల లెక్కలు చేసే చిప్పు) ఉన్న ఖరీదైన ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్‌ను బ్రౌజర్‌లోనే రాసి నడిపించే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా జీపీయూ వాడుకోవచ్చు; మామూలుగా దొరికేది 16 జీబీ మెమరీ ఉన్న టీ4 కార్డు. ఈ వ్యాసంలో చెప్పే పనులన్నిటికీ అది చాలు. ఫోన్లో కూడా కోల్యాబ్ తెరుచుకుంటుంది గానీ, ఫోన్లో కోడ్ టైప్ చేయడం నరకం. వీడియోలు చూడటానికి మాత్రమే ఫోన్ పెట్టుకోండి.

మొదటి అడుగు: కిరాణా చీటీ

బియ్యం 5 కిలోలు, కిలో 60. కందిపప్పు 2 కిలోలు, కిలో 150. పంచదార కిలో, 45. ఒక్కో సరుకు పరిమాణాన్ని దాని ధరతో గుణించి, అన్నీ కూడితే 300, 300, 45, మొత్తం 645. ఇంటికి తెచ్చినందుకు ఆటో ఛార్జీ 50 కలిపితే 695.

డీప్ లెర్నింగ్‌లో లెక్క చేసే అతి చిన్న భాగాన్ని న్యూరాన్ అంటారు. అది చేసే పని అచ్చంగా ఇదే. సరుకుల పరిమాణాలు ఇన్‌పుట్లు. ధరలు వెయిట్లు. ఏం కొన్నా కొనకపోయినా పడే ఆటో ఛార్జీ బయాస్. గుణించి కూడే ఆ పనిని పుస్తకాల్లో డాట్ ప్రోడక్ట్ అంటారు. నలుగురు కొన్న నాలుగు చీటీలను మూడు కొట్ల ధరలతో ఒకేసారి లెక్కగడితే అది మ్యాట్రిక్స్ గుణకారం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోలేదని బెంగపడేవాళ్లు ఈ పేరాని రెండుసార్లు చదవండి. మొదటి రెండు నెలలకు కావలసిన మ్యాట్రిక్స్ పరిజ్ఞానం ఇంతే.

మరి "నేర్చుకోవడం" ఎక్కడుంది? చీటీలో ధరలు చెరిగిపోయాయనుకోండి. పరిమాణాలు తెలుసు, మొత్తం బిల్లు తెలుసు. ధరలు కనిపెట్టాలి. డీప్ లెర్నింగ్‌లో ట్రైనింగ్ అంటే ఇదే పని.

రెండో అడుగు: ఎక్సెల్‌లో ట్రైనింగ్

ఈ అడుగు దాటేయకండి. పైథాన్ వచ్చినవాళ్లు కూడా ఒకసారి చేయాల్సిన పని ఇది. ఒకటే సరుకు తీసుకుందాం. 2 కిలోల బియ్యానికి 120 రూపాయలు. కిలో ధర మనకు తెలియదనుకుని 10 అని మొదలుపెడదాం.

ఏ (A) కాలమ్‌లో ధర, బీ (B)లో అంచనా, సీ (C)లో తప్పు, డీ (D)లో లాస్, ఈ (E)లో వాలు. రెండో వరసలో ఏ (A) కింద 10 వేయండి. అంచనా అంటే ధరను 2తో గుణించడం, అంటే 20. తప్పు అంటే అంచనాలోంచి 120 తీసేయడం, అంటే మైనస్ 100. దాన్ని దానితోనే గుణిస్తే లాస్, అంటే తప్పు ఎంత పెద్దదో చెప్పే సంఖ్య, 10,000. వాలు అంటే 2 ఇంటూ తప్పు ఇంటూ 2 కిలోలు, మైనస్ 400 వస్తుంది.

వాలు సూత్రం ఎక్కడినుంచి ఊడిపడిందని అడగాలి మీరు. కాలిక్యులస్ లేకుండా ఇలా సరిచూసుకోండి. ధరను 10 నుంచి 10.01కి జరపండి. అంచనా 20.02, తప్పు మైనస్ 99.98, లాస్ 9996.0004. ధర 0.01 పెరిగితే లాస్ దాదాపు 4 తగ్గింది. ఆ లెక్కన ధర ఒక రూపాయి పెరిగితే 400 తగ్గాలి. మైనస్ 400 అంటే అదే: ధర పెంచితే లాస్ తగ్గుతుంది, ఇంత జోరుగా తగ్గుతుంది. దీన్నే గ్రేడియెంట్ అంటారు.

ఇప్పుడు హెచ్1 గడిలో 0.01 వేయండి. ఇది లెర్నింగ్ రేట్, ఒక్కో అడుగు ఎంత పెద్దదో నిర్ణయించేది. మూడో వరసలో కొత్త ధర అంటే పాత ధరలోంచి, లెర్నింగ్ రేటును వాలుతో గుణించగా వచ్చినదాన్ని తీసేయడం. 10 మైనస్ (మైనస్ 4), అంటే 14. మిగతా గడులు పై వరసనుంచి కిందికి లాగండి. తర్వాతి ధర 17.68, ఆ తర్వాత సుమారు 21.07. యాభై అడుగులు పోయేసరికి 59.23. ఎవరూ 60 అని చెప్పలేదు. తప్పే దాన్ని అటు నడిపించింది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. హెచ్1కి డాలర్ గుర్తులు ($H$1) పెట్టకుండా కిందికి లాగితే, అది హెచ్2, హెచ్3 అని జరిగిపోతుంది. అవి ఖాళీ గడులు, ఎక్సెల్‌కు ఖాళీ అంటే సున్నా. ధర 14 దగ్గర ఆగి కదలదు. మీకు అలా ఆగితే కారణం ఇదే.

తర్వాత లెర్నింగ్ రేటుతో ఆడుకోండి. 0.125 వేస్తే ఒక్క అడుగులో 60కి చేరుతుంది. 0.25 వేస్తే 10, 110, 10, 110 అని ఊయల ఊగుతూనే ఉంటుంది. 0.3 వేస్తే 10, 130, మైనస్ 38, 197.2 అంటూ చేయి దాటిపోతుంది. ఇలా వెయిట్లు నేర్చుకునే లెక్క మొత్తాన్ని మోడల్ అంటారు. రేపు కోట్ల వెయిట్లున్న మోడల్‌లో లాస్ ఎగిరిపోయినా కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు మీకు ఈ షీటు గుర్తురావాలి.

చివరగా ఒక పని. 2 కిలోల బియ్యం, కిలో కందిపప్పు కలిపి 270 అని ఒక్క చీటీ మాత్రమే ఇచ్చి రెండు ధరలూ కనిపెట్టమనండి. బియ్యం 60, పప్పు 150 అయినా సరిపోతుంది. బియ్యం 35, పప్పు 200 అయినా సరిపోతుంది. రెండిటిలోనూ తప్పు సున్నాయే, కానీ రెండో ధరలతో రేపటి చీటీ తప్పుతుంది. ఉదాహరణలు తక్కువ, కనిపెట్టాల్సిన వెయిట్లు ఎక్కువ అయినప్పుడు మోడల్ ఇలాగే ఉన్న చీటీలకు సరిపోయే జవాబు పట్టుకుని కొత్త చీటీ దగ్గర బోల్తాపడుతుంది. ఓవర్‌ఫిట్టింగ్ అనే మాట ఎక్కడ విన్నా ఈ చీటీ తలుచుకోండి.

మూడో అడుగు: పొరలు ఎందుకు

ధరను 3తో గుణించి, మళ్లీ 2తో గుణిస్తే 6తో ఒకేసారి గుణించినట్టే. గుణించి కూడే పొరలు ఎన్ని పేర్చినా చివరికి ఒక్క పొరతో సమానం. అందుకే మధ్యలో వంపు తెచ్చే పని ఒకటి పెడతారు. అందులో బాగా వాడేది రెలూ: వచ్చిన సంఖ్య సున్నాకన్నా తక్కువైతే సున్నా చేయి, లేకపోతే అలాగే వదిలేయి. అంతే. ఈ చిన్న వంపు ఉండబట్టే పొరలకు విలువ వచ్చింది. పొరలు ఎక్కువుంటే "డీప్". చివరి పొరలో తెలిసిన తప్పును వెనక్కి పంచుకుంటూ ప్రతి వెయిటుకూ దాని వాలు లెక్కగట్టే పద్ధతి బ్యాక్‌ప్రొపగేషన్. రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో రాసిన పేపర్‌తో అది అందరికీ తెలిసింది. ఆ లెక్క మీకోసం పైటార్చ్ అనే పైథాన్ లైబ్రరీ చేసిపెడుతుంది. రెండు వెయిట్ల నెట్‌వర్క్‌కు ఒక్కసారి కాగితం మీద చేస్తే చాలు.

నాలుగో అడుగు: పైథాన్, కావలసినంతే

ఆరు వారాలు. వేరియబుల్స్, లిస్టులు, డిక్షనరీలు, ఇఫ్, ఫర్ లూప్, ఫంక్షన్లు. క్లాసులు రాయడం రాకపోయినా చదివితే అర్థమయ్యేంత రావాలి. తర్వాత నంపై అనే లెక్కల లైబ్రరీలో యర్రేలు (సంఖ్యల పట్టికలు), వాటి షేప్ (ఎన్ని వరసలు, ఎన్ని నిలువులు); మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఒక గీత గీయడం, ఒక బొమ్మ చూపించడం. వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్కులు, ఇంటర్వ్యూలకు చదివే ఆల్గారిథమ్‌లు ఇప్పుడు వద్దు.

ఎర్రర్ వస్తే పైనుంచి చదవకండి. అడుగునున్న చివరి వాక్యం చదవండి, అసలు సంగతి అక్కడ ఉంటుంది. లూప్ లోపలి వరసలకు నాలుగు ఖాళీలు వదలాలి. కొన్నిచోట్ల ట్యాబ్, కొన్నిచోట్ల ఖాళీలు కలిపితే పైథాన్ ఒప్పుకోదు. ఏఐ చాట్‌ను ఎర్రర్ అర్థమేంటని అడగండి, తప్పులేదు. కోడ్ మాత్రం అది ఇచ్చింది అతికించకుండా మీ వేళ్లతో టైప్ చేయండి.

ఈ అడుగు పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష: ఎక్సెల్‌లో చేసిన బియ్యం లెక్కను ఏదీ చూడకుండా పది పన్నెండు లైన్ల పైథాన్‌లో రాయండి. 59.23 రావాలి. వస్తే ముందుకు, రాకపోతే ఇంకో వారం ఇక్కడే.

ఐదో అడుగు: చేతిరాత అంకెలు

ఎమ్‌నిస్ట్ అనే డేటాసెట్‌లో చేతిరాత అంకెల బొమ్మలుంటాయి. 60 వేలు నేర్పడానికి, 10 వేలు పరీక్షకు. ఒక్కో బొమ్మ 28 గడుల పొడవు, 28 గడుల వెడల్పు, మొత్తం 784 చుక్కలు. ఒక్కో చుక్క 0 నుంచి 255 లోపు సంఖ్య. పాతదని చిన్నచూపు చూడకండి. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పలక లేదు.

కోల్యాబ్ తెరిచి, రన్‌టైమ్ మెనూలో జీపీయూ ఎంచుకోండి. నెట్‌వర్క్ ఇలా కట్టండి: 784 ఇన్‌పుట్లు, మధ్యలో 128 న్యూరాన్లు, రెలూ, చివర అంకెకొకటి చొప్పున 10. ఇందులో వెయిట్లు, బయాస్‌లు ఎన్నో కోడ్ నడపకముందే కాగితం మీద లెక్కగట్టండి. 784 ఇంటూ 128, దానికి 128 బయాస్‌లు కలిపితే 1,00,480. 128 ఇంటూ 10, దానికి 10 కలిపితే 1,290. మొత్తం 1,01,770. పైటార్చ్ చెప్పే సంఖ్య దీనితో కలవాలి.

బ్యాచ్ (ఒక్కసారికి చూపే బొమ్మలు) 64, ఆప్టిమైజర్ (వెయిట్లను సరిదిద్దే పద్ధతి) ఆడమ్, లెర్నింగ్ రేట్ 0.001. 60 వేలను 64 చొప్పున పంచితే 938 బ్యాచ్‌లు. అన్నీ ఒకసారి చూడటం ఒక ఎపాక్. ప్రతి బ్యాచ్‌కూ ఐదు పనులు, ఈ వరసలోనే:

1. బొమ్మలు మోడల్‌కిచ్చి అంచనా తీసుకోవడం. ఎక్సెల్‌లో బీ కాలమ్.
2. లాస్ లెక్కగట్టడం, ఇక్కడ క్రాస్ ఎంట్రపీ అనే లాస్. సీ, డీ కాలమ్‌లు.
3. పాత గ్రేడియెంట్లు చెరిపేయడం, అదే జీరో గ్రాడ్.
4. బ్యాక్‌వర్డ్, అంటే వాలు లెక్క. ఈ (E) కాలమ్.
5. స్టెప్, అంటే వెయిట్లు మార్చడం. తర్వాతి వరసలోని ఏ (A) కాలమ్.

మూడోది మరచిపోతే పైటార్చ్ కొత్త వాలును పాతవాటి మీద కూడుతూ పోతుంది. ఎర్రర్ రాదు, లాస్ మాత్రం తిక్కతిక్కగా ఊగుతుంది. ఎర్రర్ రాని తప్పులే డీప్ లెర్నింగ్‌లో ప్రాణం తీసేవి.

మొదటి బ్యాచ్‌లో లాస్ 2.3 దగ్గర ఉండాలి. ఏమీ తెలియని మోడల్ పది అంకెలకూ పదోవంతు చొప్పున అవకాశం ఇస్తుంది, 0.1 సహజ లాగరిథమ్‌కు గుర్తు మారిస్తే 2.3. 30, 40 అని మొదలైతే చుక్కల్ని 255తో భాగించడం మరచిపోయి ఉంటారు. ఐదు ఎపాక్‌ల తర్వాత పరీక్ష బొమ్మల మీద 97 శాతం చుట్టుపక్కల రావాలి. లాస్ 2.3 దగ్గరే బిగుసుకుపోతే స్టెప్ పిలవడం మరిచారేమో, లెర్నింగ్ రేట్ మరీ చిన్నదేమో, బొమ్మలకు లేబుళ్లు (ఏ బొమ్మ ఏ అంకో చెప్పే జవాబులు) తారుమారయ్యాయేమో చూడండి. లాస్ బదులు 'నాన్' (సంఖ్య కాదు అని అర్థం) అని వస్తే ముందు లెర్నింగ్ రేటును పదోవంతుకు దించండి. అన్నీ సరిగ్గానే ఉండి నత్తనడక నడుస్తుంటే, చివర సాఫ్ట్‌మ్యాక్స్ (వచ్చిన సంఖ్యల్ని అవకాశాలుగా మార్చే లెక్క) పెట్టారేమో చూడండి. పైటార్చ్ క్రాస్ ఎంట్రపీ లాస్ ఆ పని లోపలే చేస్తుంది, రెండుసార్లు చేస్తే నేర్చుకోవడం మందగిస్తుంది.

ఇంకో మంచి పరీక్ష: ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఇరవై బొమ్మలు మాత్రమే ఇచ్చి మోడల్‌తో బట్టీ పట్టించండి. లాస్ సున్నా దగ్గరికి రావాలి. ఇరవై బొమ్మలు బట్టీ పట్టలేని మోడల్‌లో కోడ్ తప్పు ఉన్నట్టే. 60 వేలు ఇచ్చి గంట కాచుకోవడం దండగ.

తర్వాత మీరే కాగితం మీద నల్ల పెన్నుతో ఒక 7 రాసి, ఫోటో తీసి ఇవ్వండి. బహుశా తప్పు చెబుతుంది. ఎందుకంటే ఎమ్‌నిస్ట్‌లో నల్లటి నేపథ్యం మీద తెల్లటి అంకె, మీది తెల్ల కాగితం మీద నల్ల అంకె. రంగులు తిరగేయండి. అందులో అంకె 20 గడుల చదరంలో ఒదిగి మధ్యలో ఉంటుంది; మీదీ అలాగే కత్తిరించండి. అప్పుడు సరిగ్గా చెబుతుంది. మోడల్ తాను చూసిన లోకం వరకే నేర్చుకుంటుందనే సంగతి ఈ ఒక్క ఫోటోతో తెలిసినంతగా ఏ పాఠంతోనూ తెలియదు.

కోల్యాబ్‌లో మూడు జాగ్రత్తలు. సెషన్ తెగితే ఫైళ్లు పోతాయి, మోడల్‌ను గూగుల్ డ్రైవ్‌లో దాచుకోండి. సెల్స్ (కోడ్ రాసే గడులు) వరస తప్పించి అటూ ఇటూ నడిపితే పాత విలువలు మిగిలి తప్పుడు ఫలితం వస్తుంది. రోజు చివర ఒకసారి రన్‌టైమ్ రీస్టార్ట్ చేసి పైనుంచి అన్నీ నడపండి. జీపీయూ మెమరీ చాలలేదంటే బ్యాచ్‌ను సగానికి దించుతూ పోండి.

పక్కన ఏ పాఠాలు వినాలి? ఒక్కటే పట్టుకోండి. న్యూరల్ నెట్‌వర్క్‌లను బొమ్మల్లో చూడాలంటే యూట్యూబ్‌లో త్రీ బ్లూ వన్ బ్రౌన్ ఛానల్‌లోని వీడియోలు. వరసగా, లోతుగా కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ మితేశ్ ఖప్రా పాఠాలు. వినడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. ముందు చేసి తర్వాత అర్థం చేసుకునేవాళ్లకు ఫాస్ట్ ఏఐ అనే ఆన్‌లైన్ కోర్సు, అయితే పైథాన్ బాగా వచ్చాకే. అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో కోచింగ్‌కు డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: కోర్సు అయ్యేసరికి నేను సొంతంగా సేకరించిన డేటాతో ఒక మోడల్ చేయిస్తారా? స్లైడ్లు, రికార్డింగులు చూపిస్తామంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆరో అడుగు: మీ సొంత డేటా

అందరి దగ్గరా ఉన్న ఎమ్‌నిస్ట్ నోట్‌బుక్ ఉద్యోగానికి పనికిరాదు. తెలుగు అక్షరాలు చదివే మోడల్ చేయండి. పది అక్షరాలు ఎంచుకోండి, ఒకదానికొకటి పోలినవైతే మరీ మంచిది: వ, మ, య, ప, ష, స, బ, భ, ద, ధ.

ఏ4 కాగితం మీద పది వరసలు, పది నిలువుల గడి గీసి జిరాక్స్ తీయించండి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు కలిపి పదిమంది చేత రాయించండి. వరసకో అక్షరం, పదిసార్లు. వెయ్యి బొమ్మలు వస్తాయి. అమ్మమ్మ చేతిరాత, ఎనిమిదో తరగతి పిల్లాడి చేతిరాత రెండూ ఉంటే డేటా బలం పెరుగుతుంది. ఫోన్‌లోని స్కానర్ యాప్‌తో తీస్తే కాగితం వంకరపోదు. బొమ్మల పనికి వాడే పిల్లో అనే పైథాన్ లైబ్రరీతో సమాన గడులుగా కత్తిరించండి. అంచులు నాలుగు వైపులా కొద్దిగా తీసేయాలి, లేకపోతే మోడల్ అక్షరం బదులు గడి గీతలు నేర్చుకునే ప్రమాదముంది.

బొమ్మను 28 గడులకు కుదించకండి. ద, ధ మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. అంత కుదిస్తే ఆ గీత మసకబారి మాయమవుతుంది, తర్వాత మోడల్‌ను తిట్టి లాభం లేదు. కనీసం 64 ఉంచండి. కుదించాక పది బొమ్మలు తెరమీద వేసుకుని చూడండి. మీ కళ్లకు తెలియని తేడా మోడల్‌కూ తెలియదనుకోవడం మంచిది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వెయ్యి బొమ్మల్నీ కలిపేసి ఇష్టమొచ్చినట్టు పంచకండి. మనుషుల వారీగా పంచండి. ఏడుగురి కాగితాలు ట్రైనింగ్‌కు, ఒకరివి మధ్యమధ్య సరిచూసుకోవడానికి, ఇద్దరివి చివరిదాకా ముట్టకూడదు. ఒకే మనిషి రాసిన మ ట్రైనింగ్‌లోనూ పరీక్షలోనూ ఉంటే, మోడల్ ఆ మనిషి రాతను గుర్తుపట్టి మార్కులు కొట్టేస్తుంది. 99 శాతం చూసి సంబరపడతారు, పక్కింటివాళ్లు రాసిస్తే 70కి పడుతుంది. పంట ఆకుల ఫోటోలతో పని చేసినా ఇదే సూత్రం. ఒకే మొక్కకు తీసిన ఐదు ఫోటోలూ ఒకే వైపు ఉండాలి.

ఏడు వందల బొమ్మలతో మొదటినుంచీ నేర్పడం కష్టం. ఇమేజ్‌నెట్ అనే ఫోటోల డేటాసెట్‌లోని పన్నెండు లక్షలకు పైగా బొమ్మల మీద ముందే నేర్చుకున్న రెస్‌నెట్ 18 అనే మోడల్ తీసుకోండి. చివరి పొర తీసేసి, 512 ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్ల కొత్త పొర పెట్టండి. రంగు లేని బొమ్మను మూడు రంగుల ఛానళ్లలోనూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) ఒకేలా నింపి, కొలతను 224కు పెంచి ఇవ్వండి. లెర్నింగ్ రేట్ 0.0001, పెద్దది పెడితే పాత నేర్పంతా చెరిగిపోతుంది. బొమ్మల్ని పది డిగ్రీల లోపు అటూఇటూ తిప్పడం, కొంచెం జరపడం మంచిదే. ఎడమ కుడి తిరగేయడం మాత్రం వద్దు. ఉదాహరణ కోడ్‌లలో ఆ లైన్ తరచూ ఉంటుంది, అది పిల్లుల ఫోటోలకు రాసింది. పిల్లి ఎటు తిరిగినా పిల్లే. మన అక్షరం అద్దంలో చూస్తే అక్షరమే కాదు. పరీక్షించేముందు మోడల్‌ను ఇవాల్ మోడ్‌లోకి మార్చండి, మార్చకపోతే ఒకే బొమ్మకు జవాబు, బ్యాచ్‌లో దాని పక్కనున్న బొమ్మల్ని బట్టి మారిపోతుంది.

ట్రైనింగ్ యాక్యురసీ 100కు చేరి, సరిచూసే కాగితం మీద 75 దగ్గర ఆగిందనుకోండి. ఎక్సెల్‌లోని ఒక్క చీటీ సమస్యే మళ్లీ వచ్చింది. పొరలు పెంచకండి, ఇంకో ఐదుగురి చేత రాయించండి.

చివర ముట్టకుండా పెట్టిన రెండు కాగితాలతో కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ వేయండి: అడ్డంగా అసలు అక్షరం, నిలువుగా మోడల్ చెప్పింది. శాతం చూసి ఆగిపోకుండా, తప్పిన ప్రతి బొమ్మనూ తెరిచి చూడండి. కొన్ని రాసినవాళ్లే తొందరలో ధకు కింద గీత మరచిపోయి ఉంటారు. కొన్ని కత్తిరింపులో తోక తెగి మ కాస్తా వ అయి ఉంటుంది. రాతలో లోపాన్ని లేబుల్ దగ్గర సరిచేయాలి, తెగిన తోకను కత్తిరించే కోడ్‌లో సరిచేయాలి. ఆ రెండూ తీసేశాక కూడా తప్పుగానే మిగిలిన బొమ్మల్ని ఒక ఫోల్డర్‌లో వేసి, ఒక్కోదాని కింద మోడల్ ఏమనుకుందో, ఎందుకనుకుందని మీకు తోస్తుందో తెలుగులో ఒక వాక్యం రాసి పెట్టండి. ఇంటర్వ్యూలో నోట్‌బుక్ కన్నా ముందు ఆ ఫోల్డర్ తెరిచి చూపించండి.